చుక్కల పుస్తకం వెనక కూర్చున్నవాణ్ణి

ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "మీ సర్వీసులో నేర్చుకున్న పెద్ద పాఠం ఏమిటండీ?" అని అడుగుతుంటారు. నిజాయితీ, సమయపాలన అని రెండు మాటలు చెప్పి, టీ ఇచ్చి పంపేస్తుంటాను. అసలు పాఠం చెబితే పరువు పోతుంది. అయితే రిటైరై మూడేళ్ళయింది, పెన్షను మంజూరైంది, పళ్ళు కూడా సగం ఊడిపోయాయి. ఇంకా పరువును ఏం చేసుకుంటాను? అందుకని చెప్పేస్తున్నాను, వినండి.

నేను నర్సీపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో, కళ్ళ విభాగంలో అసిస్టెంటుగా పనిచేశాను. డాక్టరుని కాదు. రోలుగుంట, రావికమతం వైపు నుంచి వచ్చే ముసలివాళ్ళు మాత్రం "కళ్ళ డాక్టరు బాబూ" అనేవారు. నేనూ ఏనాడూ కాదనలేదు. గౌరవం దానంతటది వస్తుంటే అడ్డుపడటం పద్ధతి కాదు కదా. అద్దాల నంబర్లు చూడటం, శుక్లాల వాళ్ళను ఆపరేషన్లకు సిద్ధం చెయ్యడం నా పని. ఇవి కాక, పోలీసు సెలక్షన్లు జరిగిన ఏడాది అభ్యర్థుల కళ్ళు చూడటం.

పోలీసు మెడికల్ అంటే చూసి తీరాల్సిన తమాషా. పరుగులు పెట్టి, దూకి, పరీక్ష రాసి నెగ్గినవాళ్ళే అక్కడి దాకా వస్తారు. అది చివరి గుమ్మం. ఎత్తు కొలిచే చోట మడమలు వాటంతట అవే లేస్తుంటాయి. ఛాతీ కొలిచేటప్పుడు ఊపిరి బిగపట్టిన కుర్రాడు టేపు తీసేశాక కూడా వదలడం మరిచిపోయి అలాగే నిలబడిపోతాడు. తడికాళ్ళతో గచ్చు మీద నడిపించి అచ్చు చూస్తారు. పాదం మొత్తం అచ్చు పడితే చదును పాదమని ఇంటికి పంపుతారు. నిలబడితే మోకాళ్ళు ఒకదానికొకటి తగిలినా పంపుతారు. ఇంతలా ఏరి ఏరి తీసుకున్న మనిషిని పదిహేనేళ్ళ తరువాత చూడాలి మీరు! ఆఫీసర్లకు ఏటా జరిగే ఆరోగ్య పరీక్షలో ఒక ఇన్‌స్పెక్టరు గారిని బరువు మిషను మీద నిలబెట్టి, "ఎంతుందో చూడండి సార్" అన్నాం. ఆయనకు ముల్లు కనపడలేదు. పొట్ట అడ్డం. కళ్ళు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి కాబట్టి నా గడిలో నేను ఫిట్ అని రాశాను. మిగతా గడులు నావి కావు.

నా గడిలో రెండు పరీక్షలు. ఒకటి దూరంగా గోడ మీద అక్షరాలు చదవడం, రెండోది రంగుల పరీక్ష. దానికొక పుస్తకం ఉంటుంది. పేజీకొక పెద్ద గుండ్రం, దాని నిండా రంగురంగుల చుక్కలు. వాటిలో కొన్ని చుక్కలు కలిసి ఒక అంకెగా కనిపిస్తాయి. రంగులు సరిగా తెలిసిన కళ్ళకు ఒక అంకె కనిపిస్తే, ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియని కళ్ళకు ఇంకో అంకె కనిపిస్తుంది, లేదా అసలేమీ కనిపించదు. ఆ తేడా తెలియనివాళ్ళు పోలీసు ఉద్యోగానికి పనికిరారు. మేము దాన్ని చుక్కల పుస్తకం అనేవాళ్ళం.

ఇప్పుడు పరువు పోయే సంగతి. ఆ తేడా నాకు తెలియదు.

పుట్టినప్పటి నుంచీ తెలియదు. చిన్నప్పుడు పచ్చిమిరపకాయలు కోసుకురమ్మంటే పండువీ పచ్చివీ కలిపి తెచ్చి అమ్మ చేత చీవాట్లు తినేవాణ్ణి. ఇంట్లో అందరూ అది బద్ధకం అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. తరువాత ట్రైనింగులో ఆ పుస్తకం మొదటిసారి చూపించినప్పుడు తొమ్మిదో పేజీలో నాకు శుభ్రంగా ఇరవై ఒకటి కనపడింది. నా ముందున్న నలుగురూ డెబ్భై నాలుగు అన్నారు. నా వంతు వచ్చేసరికి వాళ్ళందరి కంటే గట్టిగా డెబ్భై నాలుగు అన్నాను. నలుగురితో నారాయణ. ఆ వారంలోనే పుస్తకం మొత్తం ఎక్కాల్లా బట్టీ పట్టేశాను. పన్నెండు, ఎనిమిది, ఆరు, ఇరవై తొమ్మిది, యాభై ఏడు, ఐదు, మూడు, పదిహేను, డెబ్భై నాలుగు. ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

పైగా పరీక్ష చేసేటప్పుడు పుస్తకం ముఖం అభ్యర్థి వైపు ఉంటుంది, వీపు నా వైపు. అతను చదువుతాడు, నేను మనసులో సరిచూసుకుని టిక్కు పెడతాను. ముప్పై ఏళ్ళలో ఒక్క తప్పూ రాలేదు. కళ్ళ విభాగంలో ఉంటూ చూడాల్సిన అవసరమే లేని పని దొరకడం నా అదృష్టం.

నేను అన్‌ఫిట్ చేసినవాళ్ళలో ఒకాయనతో మాత్రం తెగని లంకె పడింది. ఆయన కృష్ణదేవిపేట వైపు మనిషి. మొదట కానిస్టేబులు, తరువాత హెడ్ కానిస్టేబులై మా అందరికీ హెడ్డు గారయ్యారు. ఆయన ఉద్యోగంలో చేరిన రోజున ఎవరో చుక్కల పుస్తకం తేవడం మరిచిపోయి, గుమ్మానికి వేలాడే తెర చూపించి ఏ రంగని అడిగారట. ముందువాడు చెప్పిందే ఈయనా చెప్పి గట్టెక్కారు. కొన్నేళ్ళకు డ్రైవరుగా మారతానని అర్జీ పెట్టుకుంటే పరీక్షకు నా దగ్గరకు పంపారు. మొదటి పేజీ తప్ప అన్నీ తప్పే చెప్పారు. డ్రైవరు పనికి అన్‌ఫిట్ అని రాసేశాను. పాపం, బతిమాలారు. "రంగులే తెలియవు, నీకు జీపెలా ఇస్తారయ్యా?" అన్నాను. అన్నది నవ్వుతూ, పదిమంది వింటుండగా. అప్పటి నుంచి ఎక్కడ కనపడినా ఆయన కూడా పదిమంది వింటుండగానే, "రంగుల బాబూ, ఇయ్యేళ ఆకాశం ఏ రంగులో ఉందండీ?" అని అడిగేవారు. నీలం అనేవాణ్ణి. నీలం నాకు బాగానే తెలుసు.

ఇక ఆ రోజు సంగతికి వస్తాను. నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు. ఆ ఏడాది ఆసుపత్రిలో ఏవో మరమ్మతుల వల్ల మెడికల్‌ను ఒక కల్యాణమండపంలో పెట్టారు. పెళ్ళి వేదిక మీద ఎత్తు, భోజనాల హాల్లో బరువు, పెళ్ళికొడుకు గదిలో రక్తపరీక్ష, పెళ్ళికూతురు గదిలో కళ్ళు. ఆ రోజు ఆడపిల్లల వంతు. వాళ్ళ కాగితాలు పోగుచేసి సాయంత్రం జిల్లా ఆఫీసుకు పట్టుకెళ్ళే డ్యూటీ మా హెడ్డు గారిదే. నాకు సాయంగా మా స్టాఫ్ నర్సు సిస్టర్ ఉన్నారు. చాలా మంచి మనిషి. ఆ మంచితనమే కొంప ముంచింది.

చుక్కల పుస్తకానికి కుట్లు ఊడిపోయి ఆకులు వేలాడుతుండేవి. సిస్టర్ చూడలేక, నాకు చెప్పకుండా, శుభలేఖలు అచ్చువేసే షాపుకు పట్టుకెళ్ళి బైండు చేయించి తెచ్చారు. అంచులు నున్నగా కోసి, కొత్త అట్ట వేసి, ముచ్చటగా ఉంది. అంచులతో పాటు పేజీ నంబర్లు కూడా కోతలో పోయాయి. బైండరు మొదటి ఆకును మొదట పెట్టి, మిగతావి చేతికి ఎలా వస్తే అలా కుట్టేశాడు. అన్నీ చుక్కలే కదా, అతనికేం తెలుసు. "పుస్తకానికి పెళ్ళికళ వచ్చింది సిస్టర్" అని మెచ్చుకుని, విప్పకుండానే పక్కన పెట్టుకున్నాను. విప్పినా నాకేం తెలిసి చచ్చేది?

ఒకటో నంబరు అమ్మాయి వచ్చింది. రోలుగుంట అవతల ఏదో ఊరు. సన్నగా, చలాకీగా ఉంది. గోడ మీద అక్షరాలు చివరి వరుస దాకా గడగడా చదివేసింది. పుస్తకం ఎత్తి పట్టుకున్నాను.

"పన్నెండు."

టిక్కు పెట్టాను. పేజీ తిప్పాను.

"డెబ్భై నాలుగు."

నా మనసులో ఎనిమిది ఉంది. ఇంటూ పెట్టాను. ఆరు రావాల్సిన చోట పదిహేను అంది. ఇరవై తొమ్మిది రావాల్సిన చోట మూడు అంది. అలా తిప్పుతూ పోయాను, ఇంటూలు పెడుతూ పోయాను. చివరికి "రంగుల దృష్టి లోపం, అన్‌ఫిట్" అని రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టాను.

"ఏటయింది సార్?" అంది.

"నీకు రంగులు తెలియవమ్మా."

"నాకా? జీడిపిక్కల బట్టీలో పని సేస్తాను సార్. రోజంతా పప్పు రంగు సూసి ఏరడమే నా పని. తెల్లది ఓపక్క, ఎర్రబడింది ఓపక్క."

"అది వేరు, ఇది వేరు" అన్నాను, ఎంతో శాస్త్రం తెలిసినవాడిలా.

"ఇప్పటికి రెండుపాల్లు పోయింది సార్. ఓపాలి పరుగులో, ఓపాలి పరీక్షలో. వొచ్చే ఏడుకి నాకు వొయిసు దాటిపోద్ది. ఇదే ఆకరు."

అందరూ ఏదో ఒకటి చెబుతారు. బయటకు వెళ్ళమన్నాను. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకున్న హెడ్డు గారు ఆమె కాగితం తీసుకుని సంచిలో పెట్టుకున్నారు. ఆ సంచి జిల్లాకు వెళ్ళిందంటే ఇక అప్పీలుకు విశాఖపట్నం చుట్టూ తిరగాలి. అది తేలేసరికి ఆ బ్యాచ్ ట్రైనింగు మొదలైపోతుంది. ఈ సంగతి నాకు తెలుసు. హెడ్డు గారికీ తెలుసు. ఆమె ముఖం చూస్తే ఆమెకూ తెలుసని అర్థమైంది.

రెండో అమ్మాయి వచ్చి కూర్చుంది. "పన్నెండు. డెబ్భై నాలుగు. పదిహేను." నాకు ఒళ్ళు మండిపోయింది. ముందు వెళ్ళినది బయట ఈమె చెవిలో ఊదేసిందని అనుకున్నాను. "కాపీ కొడితే కొట్టావు, ఫెయిలైనదాని దగ్గరా కొడతావు?" అని గట్టిగా కేకలేశాను. ఆ పిల్ల బిక్కచచ్చిపోయి నేల చూపులు చూస్తూ కూర్చుంది. నా కేకలు విని మొదటి అమ్మాయి గదిలోకి దూసుకొచ్చింది.

"నానేటీ సెప్పలేదు సార్! నా మీద అబాండం ఎయ్యకండి. మీరే ఓపాలి సూడండి. ఇది డెబ్భై నాలుగు కాదేటి?" అంటూ నా చేతిలో పుస్తకాన్ని నా వైపు తిప్పేసింది.

ఇన్నేళ్ళలో ఎవరూ ఆ పని చెయ్యలేదు. నేను చూశాను. చూసి, కోపంలో ఉన్నాను కాబట్టి ఆలోచించకుండా, కనపడింది చెప్పేశాను.

"ఇరవై ఒకటి."

"ఏదీ, ఇలగ తెండి" అంటూ హెడ్డు గారు లేచి వచ్చారు. పుస్తకం దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశారు. "ఇరవయ్యొకటే. బాబు సెప్పింది రైటే అమ్మా" అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన నా మాట రైటనడం అదే మొదటిసారి.

సిస్టర్ ఆ సమయంలో పేర్ల జాబితా కోసం వేదిక దగ్గరకు వెళ్ళారు. గదిలో ఇద్దరు పెద్దమనుషులం, ఒకరు కళ్ళ విభాగం, ఒకరు పోలీసు విభాగం, ముక్తకంఠంతో ఇరవై ఒకటి అంటున్నాం. ఎదురుగా ఇద్దరు ఆడపిల్లలు. మొదటి అమ్మాయి ఇంకోసారి పేజీ వైపు చూసింది. కళ్ళు నలుపుకుని మళ్ళీ చూసింది. అంత గొంతు వేసుకుని వచ్చిన పిల్ల గొంతు ఒక్కసారి చిన్నదైపోయింది.

"అయితే నాకు నిజంగానే తెలవదేటి సార్?" అంది. జవాబు కోసం ఆగకుండా బయటకు వెళ్ళిపోయింది.

హెడ్డు గారికి రంగులు తెలియవని రూఢిగా తేల్చినవాణ్ణి నేనే. కాగితం మీద రాసి సంతకం పెట్టింది నేనే. ఆయనకు, నాకు ఒకే అంకె కనపడిందంటే ఆ అంకె తప్పు. ఆ పిల్ల చదివింది రైటు. అంటే పుస్తకంలో వరుస మారింది. అంటే నేను ఇప్పుడే ఒక నిక్షేపంలాంటి మనిషి నోటి దగ్గర కూడు కొట్టాను. ఇదంతా రెండు క్షణాల్లో అర్థమైంది. అర్థమైన వెంటనే లేచి పరిగెత్తానని చెబితే మీకు బాగుంటుంది. నేను లేవలేదు. కూర్చున్నాను. సిస్టర్ పెట్టి వెళ్ళిన టీ మీద మీగడ కట్టేదాకా కూర్చున్నాను. రెండేళ్ళలో రిటైర్‌మెంటు. నోరు మూసుకుంటే నష్టపోయేది నేను కాదు. అప్పీలు ఉంది కదా, వైజాగ్‌లో సరిచేస్తారులే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎదురుగా కూర్చున్న రెండో అమ్మాయి "నాను ఎల్లిపోవాలా సార్?" అని అడిగింది. ఈమెను కూడా పంపాలి, తరువాత మూడో ఆమెను, నాలుగో ఆమెను. సాయంత్రానికి నర్సీపట్నం చుట్టుపక్కల ఆడపిల్లలెవరికీ రంగులు తెలియవని తేల్చాలి. అప్పుడు లేచాను.

లేచినా బుద్ధి పూర్తిగా రాలేదు. పుస్తకం తప్పని చెబుదాం, నా సంగతి చెప్పక్కరలేదు కదా అనుకున్నాను. పిల్లలూ, ఈ సగం నిజం అనేది మన ఆఫీసుల్లో బాగా చెల్లే నాణెం. ఆ రోజు మాత్రం చెల్లలేదు.

క్యాంపు బాధ్యత చూస్తున్న కళ్ళ డాక్టరు మేడమ్ వేదిక పక్కన, పెళ్ళికొడుకును కూర్చోబెట్టే ముఖమల్ కుర్చీలో కూర్చుని ఫైళ్ళు చూస్తున్నారు. వయసులో నాకంటే పాతికేళ్ళు చిన్న. నేను వెళ్ళేసరికి మొదటి అమ్మాయి కూడా అక్కడే స్తంభం దగ్గర నిలబడి ఉంది. కాగితాల సంచితో హెడ్డు గారు నా వెనకే వచ్చారు.

"మేడమ్, బైండింగులో పేజీల వరుస మారింది. మొదటి కేసు అన్‌ఫిట్ అని పొరపాటున రాశాను. మళ్ళీ చూడాలి" అన్నాను.

"అంతేనా? దానికి ఇంత కంగారెందుకండీ?" అన్నారావిడ. "ముందు పేజీలో జవాబుల పట్టిక ఉందిగా. ఇక్కడే కూర్చుని ఏ పేజీ ఏదో నంబర్లు వేసెయ్యండి. పది నిమిషాల పని."

పుస్తకం, పెన్సిలు నా చేతిలో పెట్టారు. నేను పేజీ విప్పాను. చుక్కలు. మేడమ్ ఎదురుచూస్తున్నారు. ఆ పిల్ల ఎదురుచూస్తోంది.

"నాకు కనపడవు మేడమ్."

"కళ్ళద్దాలు మరిచిపోయారా?"

"అద్దాలు కాదండీ. ఈ అంకెలే కనపడవు. నాకు ఎరుపు, ఆకుపచ్చ తెలియవు."

ఆవిడ ముందు నవ్వారు. జోకనుకున్నారు. నా ముఖం చూసి ఆపేశారు. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు.

"పుట్టినప్పటి నుంచి. సర్వీసంతా బట్టీ పట్టి నడిపాను."

ఆవిడ పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, ఆ అమ్మాయిని పిలిచి, పేజీ పేజీకీ తన కళ్ళతో చూస్తూ చదివించారు. ఒక్కటీ తప్పు పోలేదు. హెడ్డు గారి సంచిలోంచి పాత కాగితం బయటకు తీయించి అడ్డంగా గీత కొట్టి, కొత్త ఫారం రాశారు. పరీక్షించినవారి సంతకం దగ్గరకు వచ్చేసరికి అలవాటు కొద్దీ నా చెయ్యి జేబులో పెన్ను కోసం వెళ్ళింది. ఆవిడ ఫారం తన వైపే ఉంచుకుని తనే సంతకం పెట్టారు. ఆ అమ్మాయి ఫారాన్ని ముట్టుకోకుండా దూరం నుంచే, "ఫిట్టేనా మేడమ్? నిజంగానా?" అని మూడుసార్లు అడిగింది.

మిగిలిన అమ్మాయిల రంగుల పరీక్ష మేడమే చేశారు. నేను గోడ మీద అక్షరాలు చదివించాను. ఆ తరువాత మూడు పేజీల సంజాయిషీ రాశాను, ఒక మెమో తీసుకున్నాను. పాత కేసులన్నీ తిరగేయించారు. పుస్తకం వరుసలో ఉన్నంతకాలం నేను రాసినవి సరైనవేనని తేలింది. రిటైరయ్యేదాకా మళ్ళీ ఆ పుస్తకం ముట్టుకోలేదు. ఇంతకంటే పెద్ద శిక్ష ఏదీ పడలేదు. పడి ఉంటే కొంత తేలికగా ఉండేదేమో.

ఆ సాయంత్రం కల్యాణమండపం వసారాలో హెడ్డు గారు, నేను ఎదురుపడ్డాం. ఆయన పొద్దున్న నుంచీ ఒక్క వేళాకోళమూ ఆడలేదు.

"అయితే మీకూ ఇరవయ్యొకటేనా అండీ?"

"అవును హెడ్డు గారూ."

"నన్ను డ్రైవరు పనికి అన్‌ఫిట్ సేసిన నాడు కూడా?"

"ఆ రోజు కూడా అంతే."

"మరి మిమ్మల్ని ఎవులు పరీక్ష సేసారండీ?"

"ఎవరూ చెయ్యలేదు."

ఆయన సంచిని ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నారు. "అయితే మీరు పాసండీ" అన్నారు. నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు.

నాకు సిగ్గేసింది. ఆయన గురించి ఆనాడు నేను రాసింది తప్పు కాదు. రూలు అదే, మళ్ళీ పరీక్షించినా అదే రాయాలి. కానీ నా కళ్ళలాంటి కళ్ళే ఉన్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, పదిమందిలో నవ్వాను. "తప్పయిపోయిందండీ. ఆ రోజు అలా నవ్వకుండా ఉండాల్సింది" అన్నాను. విన్నారో లేదో తెలియదు. "బేగి రండమ్మా, సంతకాలెట్టండి, బండి ఎల్లిపోవాలి" అంటూ అప్పటికే మెట్ల వైపు తిరిగి, ఫిట్ అయినవాళ్ళ జాబితా తీసి పేర్లు పిలవడం మొదలుపెట్టారు. మొదట పిలిచింది ఆ అమ్మాయి పేరే. "ఉన్నాను సార్!" అని ఆ పిల్ల పెట్టిన కేక రోలుగుంట దాకా వినిపించి ఉంటుంది.